కరియ కాచిన మంద

ఆ ఉదయం సుంకన్న అనుకున్న పని చాలా చిన్నది. తన కుక్క ఓ అరగంటసేపు పని చేస్తున్నట్టు కనిపిస్తే చాలు. నిజంగా చేయనక్కర్లేదు. అంత ఆశ అతనికీ లేదు.

పది గంటలకు బసవన్న వస్తున్నాడు. ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లోని గొర్రెల మందలు ఏటా కోతలయ్యాక ఆయన వెంట గుంపు కట్టి, కాలువ కింది పొలాలకు మేతకు పోతాయి. ఆయన షరతు ఒక్కటే. కాపలా కుక్క లేని మందను గుంపులో చేర్చుకోడు. సుంకన్న పాత కుక్క ముసలిదై చచ్చిపోయింది. దాని తర్వాత తెచ్చిన నల్లకుక్క కరియకు ఏడాది నిండింది గానీ, ఒక్కనాడైనా గొర్రెలకేసి కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. మొరగదు. తప్పిపోయిన గొర్రెను మళ్లించదు. పొద్దస్తమానం సుంకన్న వెంటే తిరుగుతుంది. అతను కూర్చుంటే కూర్చుంటుంది, లేస్తే లేస్తుంది. ఆలూరులో టీ తాగి వద్దామని అతను ఊరి పొలిమేర దాటబోతే మాత్రం పంచె కొస పట్టుకుని వెనక్కి లాగుతుంది. తిండి ఎక్కువై బద్ధకం ముదిరిందని సుంకన్న నమ్మకం.

గుంపులో చేర్చుకోకపోతే తొంభై రెండు గొర్రెలను తోలుకుని ఒంటరిగా పోవాలి. ఆ మాట తలుచుకుంటేనే సుంకన్నకు నోరు ఎండిపోయేది. ఎనిమిది రోజుల కిందటే గుట్ట అవతల పట్టపగలు తోడేలు రెండు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది. అసలే అతను పిరికివాడు. ఉరుమంటే భయం. సూదంటే భయం, అది గొర్రెకు వేసే సూదైనా సరే. అన్నిటికన్నా బసవన్న అంటే భయం. బసవన్న అతని భార్య శివలీలకు చిన్నాయన. ఆయన అరవడు, తిట్టడు, ఊరికే చూస్తాడు. ఆ చూపుకు సుంకన్న చేయని తప్పులు కూడా ఒప్పుకునేవాడు.

"ఈ పొద్దు నువ్వూ ఉండరాదా?" అన్నాడు శివలీలతో.

"గొర్రెల కడుపులో నట్టలకు మందు ఎవురు తెస్తారు? చిన్నాయన నిన్నేమన్నా మింగుతాడా?"

"మింగినా బాగుండు. ప్రశ్నలడుగుతాడు గదా."

"సంగటి యాళకు వస్తాలే," అని శివలీల ఆటో ఎక్కింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "జాగర్త" అంది. ఆ మాట ఆమె అన్నది కుక్కతో. సుంకన్న తనతోనే అనుకుని తలూపాడు.

జొన్న కోసిన చేలో గొర్రెలను వదిలి, మంద మధ్యన ఓ మేకు పాతి, దానికి సన్నతాడుతో కరియను కట్టేశాడు. కోయగా మిగిలిన జొన్న కొయ్యకాళ్ల మధ్య తాడు కనపడదు. దూరం నుంచి చూసినవాళ్లకు, కుక్క మంద నడుమ నిలబడి నాలుగు దిక్కులూ కాపు కాస్తున్నట్టే ఉంటుంది. సుంకన్న బతుకులో మొట్టమొదటి మోసం ఇది. ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూస్తూ కొడితే మేకు సగమే దిగింది.

బసవన్న తన అక్క కొడుకు నాగరాజు నడిపే బండి మీద వచ్చి దిగాడు. నాగరాజుకు నలభై ఏళ్లు. మామ ఏమంటే అదే అంటాడు.

"ఏమప్పా సుంకన్నా, కుక్క పన్లోకి దిగిందా?"

"దిగతాండాది మామా. అదో, ఆడుండాది చూడు."

బసవన్న చూశాడు. ఆయన చూపు మేకు దాకా పోకముందే మాట మార్చాలి. పెద్దాయన వస్తే కంబళి పరిచి కూర్చోబెట్టడం గొర్రెల కాపరుల్లో మర్యాద. కంబళి మీద కూర్చున్నవాడు దేవుడితో సమానమంటారు. చెప్పులతో దాన్ని తొక్కరు. ఎండా వానా అనకుండా ఎప్పుడూ భుజం దిగని తన నల్ల కంబళిని సుంకన్న గబగబా తీసి, తుమ్మచెట్టు నీడన పరిచాడు.

బసవన్న చెప్పులు, చేతికర్ర పక్కన పెట్టి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మంద నడుమనున్న కరియ చెవులు రిక్కించింది. సుంకన్న భుజం ఖాళీగా ఉంది. కంబళి నేల మీద ఉంది. దాని మీద ఎవరో ఉన్నారు. కరియ ఒక్క గుంజు గుంజింది. సగం దిగిన మేకు పూర్తిగా ఊడి వచ్చింది.

తాడూ మేకూ ఈడ్చుకుంటూ వచ్చిన కుక్కను బసవన్న నింపాదిగా చూశాడు. తర్వాత మేకును చూశాడు. తర్వాత సుంకన్నను చూశాడు.

"కుక్కను కట్టేసి కాపలా కాయిస్తాండావా?"

సుంకన్న గబగబా కుక్క మెడలోని తాడు విప్పాడు. "ఇంగ మాటల్లేవులే. కుక్క లేదు, గుంపూ లేదు," అంటూ బసవన్న లేవబోయాడు.

కరియ గుర్రుమంది.

ఏడాదిలో అది నోరు విప్పడం అదే మొదలు. బసవన్న మోకాలు ఎత్తిన చోటే ఆగిపోయింది. ఆయన కాలు కంబళి అంచు దాటబోతే కుక్క అటు వచ్చి నిలబడింది. ఇటు తిరిగితే ఇటు వచ్చింది. కోరలు కనిపించాయి. బసవన్న మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. కుక్క తోక ఊపింది.

"పిలువప్పా దాన్ని!"

"కరియా! రా! రారా నాయనా! ఒరే, నీకు దండం పెడతా!"

కరియ వచ్చింది. వచ్చి, సుంకన్న పిక్క దగ్గర మూతి పెట్టి నెట్టుకుంటూ అతన్నీ కంబళి మీదికి చేర్చింది. మామను విడిపించబోయిన నాగరాజును రెండు చుట్లు తిప్పి, పంచె కొస పట్టి, మామ ఒళ్లోకి తోలింది. లోపలికి వచ్చేవాళ్లకు అడ్డం లేదు. బయటికి పోయేవాళ్లకే దారి లేదు.

సుంకన్న శివలీలకు ఫోన్ చేద్దామని జేబులో చేయి పెట్టాడు. ఇంటికి ఉన్న ఫోన్ అదొక్కటే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నాగరాజు పక్కచేలో మంద కాస్తున్న ఈరక్కకు చేశాడు. ఈరక్క గుంపులో సీనియర్. తోడేలును కర్రతో కొట్టిన మనిషి. కొంగు బిగించి, గట్టుమీంచి కేకలేస్తూ వచ్చింది.

"ముగ్గురు మొగోళ్లు! ఒక కుక్కపిల్లకు! సిగ్గుండల్ల!"

రెండు నిమిషాల తర్వాత ఆమె కూడా కంబళి మీద, బసవన్న వీపుకు వీపు ఆనించి కూర్చుంది. ఆమె కర్ర బయట, ఆయన చెప్పుల పక్కన పడి ఉంది.

"కరిస్తే బొడ్డు సుట్టూ సూదులేస్తారంట గదా?" నాగరాజు గొంతు సన్నగా వచ్చింది.

"ఇప్పుడు చేతికే ఏస్తాండారులే," అంది ఈరక్క. సుంకన్నకు ఏ చోటున వేస్తారన్న దాంట్లో ఊరట కనిపించలేదు. మామను కుక్క కరిస్తే ఈ జన్మకు గుంపు లేదు, శివలీల ముందు తలెత్తేది లేదు. కుక్కకు పట్టడం ఎవరు నేర్పారో అతనికి తెలియదు గానీ, వదలడం మాత్రం అతను నేర్పలేదు. పనే చేయని కుక్కకు పని ఆపడం ఎవరు నేర్పుతారు?

గంట గడిచింది. ఎండ నీడను తినేసింది. బసవన్న ఊరికే సుంకన్న కేసి చూస్తున్నాడు. తిడితే బాగుండునని సుంకన్న ప్రాణం కొట్టుకుంది.

అప్పుడు ఈరక్క అతని మోచేయి గట్టిగా పట్టుకుంది. "కందికట్టెల కాడ... చూడు."

చేను చివర కందికట్టెల కుప్ప పక్కన మట్టిరంగులో ఏదో నిలబడి ఉంది. కుక్క కాదు. కుక్క అంత నిశ్శబ్దంగా నిలబడదు. గొర్రెలు దిక్కూ మొక్కూ లేకుండా మేస్తున్నాయి. కాసేవాళ్లు నలుగురూ కంబళి మీద ఉన్నారు. కాపలా కుక్క వీళ్లను కాపు కాస్తోంది. తోడేలు కడుపు నేలకు ఆనించి, అడుగులో అడుగు వేసుకుంటూ మంద వైపు కదిలింది.

"కరియా, అటు చూడరా! తోడేలు!" అని నలుగురూ అరిచారు. కరియ అటు చూడలేదు. అది సుంకన్ననే చూస్తోంది.

అంచున మేస్తున్నది బొల్లి గొర్రె. మొన్ననే ఈనింది. దాని పిల్ల ఇంకా సరిగా నడవలేదు. తోడేలుకూ దానికీ నడుమ ఇరవై అడుగులు కూడా లేవు. భయమంటే ఏమిటో ఆ క్షణంలో సుంకన్నకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు. ఆ భయంతోనే లేచాడు. కంబళి మీంచి దూకాడు. కర్ర తీసుకోవాలని కూడా తోచలేదు. ఉత్తచేతులు ఊపుకుంటూ, "నా గొర్రెలో... నా గొర్రెలో..." అని ఏడుస్తూ తోడేలు మీదికి ఉరికాడు.

కరియ ఉలిక్కిపడింది. దాని మందలో నుంచి ఒకటి తప్పించుకుంది! కంబళినీ, మిగతా ముగ్గురినీ వదిలేసి అతని వెంట పడింది. పక్కనుంచి దూసుకుపోయి అతనికి అడ్డం తిరగబోతూ, ఎదురుగా తోడేలును చూసింది. అప్పుడు మొరిగింది. ఆ మొరుగుకు కందికట్టెల్లోంచి పిట్టలు లేచాయి. ఒకవైపు ఏడుస్తూ వచ్చే మనిషి, మరోవైపు నల్లటి కుక్క. తోడేలు వెనక్కి తిరిగి గుట్ట వైపు పారిపోయింది.

కరియ దాన్ని తరమలేదు. గొర్రెలను కూడా చూడలేదు. గిర్రున తిరిగి, సుంకన్న పంచె పట్టుకుని, మడమలు మూతితో పొడుస్తూ, అతన్ని చేను మధ్యగా తోలుకొచ్చి కంబళి మీద పడేసింది. అక్కడ ముగ్గురూ ఉన్నచోటే ఉన్నారు. తోడేలు భయానికి ఎవరూ కాలు కదపలేదు. కుక్కకు తృప్తి కలిగింది.

సంగటి ముంత నెత్తిన పెట్టుకుని శివలీల వచ్చేసరికి నలుగురు పెద్దమనుషులు ఒకరినొకరు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్లను చూసింది. కుక్కను చూసింది.

"సాలు కరియా," అంది.

కరియ లేచి, ఒళ్లు విరుచుకుని పక్కకు తప్పుకుంది.

బసవన్న చెప్పులు వేసుకుని చాలాసేపు సుంకన్నను చూశాడు. ఈసారి ఆ చూపు శివలీల మీదికి కూడా తిరిగింది. "ఏం చెప్పి పెంచినావమ్మా దీన్ని?"

శివలీల ముంత దించి కొంగు సర్దుకుంది. "పోయినేడు ఉరుముకు జడిసి ఈయన మందను ఇడిసి ఉరికినాడు చిన్నాయనా. గొర్రెలు పొద్దు మునిగేలోగా ఇల్లు చేరినాయి. ఈయన చేరలే. మూడు ఊర్లు ఎతికినా నేను. ఈయన యాడుండాడో తెలీక నా పానం పోయింది. అందుకే కరియ వచ్చినాక, దినామూ ఈయన కంబళి మీదనే సంగటి పెట్టి, ఈయన్ని చూసుకో, కంబళి ఇడిసి పోనీకు అని నేర్పినా. ఇంగ దానికి కంబళి మీద ఎవురుంటే వాళ్లే మంద."

సుంకన్న కరియ వైపు తిరిగాడు. ఏడాదిగా బద్ధకమనుకున్నది అంతా పనే. ఆలూరు టీ దగ్గర్నుంచి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చి తల దించుకున్నాడు. ఇక గుంపు మాట అడిగే ముఖం కూడా లేదు.

"మామా, మేము ఒంటరిగానే పోతాంలే," అన్నాడు.

"ఏంటికి పోతావు?" బసవన్న కర్ర అందుకున్నాడు. "తోడేలు వస్తే మేము ముగ్గురం కూర్చున్నాం. ఉరికినోడివి నువ్వొక్కడివే. నువ్వు గొర్రెల ఎంట ఉరుకుతావు, అది నీ ఎంట ఉరుకుతాది. ఇద్దురూ కలిస్తే ఒక కుక్క లెక్క. సోమారం తెల్లారేలోగా మందను తోలుకొని రా."

సోమవారం గుంపులో చేర్చుకునే ముందు బసవన్న గొర్రెలను లెక్కపెట్టాడు. తొంభై రెండు. కరియ కూడా లెక్కపెట్టుకుంది. ఒకటి. సరిపోయిందని పడుకుంది.