సగటు నీళ్లు

తాగే నీటిలో ఫ్లోరైడ్ కాస్త ఉంటే పళ్లకు మంచిది, ఎక్కువైతే పళ్లకూ ఎముకలకూ చేటు. ఈ మాట డాక్టర్లు ఏనాడో చెప్పారు గానీ, డాక్టర్లు చెప్పింది ఫైలు కాదు కాబట్టి మా ఊరికి ‘ఫ్లోరైడ్ లాభనష్టాల సమతుల్య సంఘం’ వచ్చింది.

మాది సిద్దిపేట నుంచి మిరుదొడ్డి పోయే దారిలో ఊరు. కింది వాడలో నల్లా నీళ్లు తాగుతాం. ఆ నల్లా పైపు పై వాడకు నలభై అడుగుల ముందే ఆగిపోయింది (ఎందుకో పైపునే అడగాలి). అక్కడివాళ్లు బోరు నీళ్లు తాగుతారు.

సంఘం అధికారి ప్రభాకర్ గారు రెండు సీసాలు నింపుకొని పోయి, వారానికి లెక్కతో తిరిగొచ్చారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లాలో సున్నా పాయింట్ మూడు. బోరులో రెండు పాయింట్ ఐదు. రెండూ కలిపి రెండుతో భాగిస్తే ఒకటి పాయింట్ నాలుగు. ఊరు సురక్షితమని ప్రకటించి చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాం.

పై వాడ ఐలవ్వ మాత్రం కొట్టలేదు. ఆరేళ్ల మనుమరాలు దీక్షిత చెయ్యి పట్టుకొని ముందుకొచ్చింది.

“సారూ, నా మోకాళ్లంటే ఎట్లనో పోయినయి, పోనీ. గీ పిల్లకు కొత్త పండ్లు వస్తున్నయి. ఎన్మిదేండ్లు నిండేదాంక మంచి నీళ్లు తాపకుంటే పండ్లన్నీ మచ్చలే అని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది. గా పైపు జర ముందటికి గుంజుండ్రి, నీ కాల్మొక్త.”

ప్రభాకర్ గారు చాలా ఓపికగల మనిషి.

“అమ్మా, మీ వాడోళ్లు బోరు మానేస్తే ఊరి సగటు ఎంతకు పడ్తది? పాయింట్ మూడు! అప్పుడు ఊరందరి పండ్లు పుచ్చుతయి. గా బాధ్యత ఎవలది? నీదా?”

ఊరి పళ్లన్నీ తన బిందె మీదే ఆధారపడి ఉన్నాయని పాపం ఐలవ్వకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

తర్వాత నన్ను పిలిచారు. నావి రెండు దవడ పళ్లు పుచ్చాయి (మిఠాయిల సంగతి సంఘం అడగలేదు, నేను చెప్పలేదు). నాకు ఫ్లోరైడ్ తక్కువ, ఐలవ్వకు ఎక్కువ; ఇద్దరినీ కలిపితే ఒక ఆరోగ్యవంతుడు అవుతాడని రాసి, సాక్షి సంతకం పెట్టమన్నారు. నాకు ఒళ్లు మండింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతకం పెట్టాను. మా వాడ నల్లా కూడా వాళ్ల చేతిలోనే ఉంది మరి.

“సరే సారూ,” అన్నది ఐలవ్వ. “మీరు మంచియని చెప్పిన గా ఒకటి పాయింట్ నాలుగు నీళ్లు యాడ దొరుకుతయి? ఎంత దూరమైనా పోయి తెచ్చుకుంట.”

“ఎక్కడా దొరకవమ్మా. అవి సగటు నీళ్లు. ఫైల్ల ఉంటయి.”

“అవ్వా, దూపైతుంది,” అన్నది దీక్షిత.

ఫైలు అప్పటికే కారెక్కింది. ఐలవ్వ బోరు నీళ్లు తాపింది.