దువ్వెన కోసం ఫోన్

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి ల్యాబ్ చేరాలి. పదింటికి వచ్చే తనిఖీ బృందం ముందు డీఎన్ఏని సమానమైన ముక్కలుగా విరిచి చూపించాలి. చూపించలేకపోతే రెండేళ్ళుగా నెత్తిన పెట్టుకు మోసిన ప్రాజెక్టు ఆ రోజుతో మూతపడుతుంది.

అలా ముక్కలు చేసే పరికరం ఒక గాజు చిప్. అగ్గిపెట్టెంత ఉంటుంది. లోపల వెంట్రుక కన్నా సన్నని కాలవలు. ద్రావణాన్ని ఒత్తిడితో వాటిలోకి తోస్తే, ఇరుకులో సాగి సాగి డీఎన్ఏ పోగులు తెగుతాయి. ఆ కాలవలు పళ్ళలా వరసగా ఉంటాయని ల్యాబ్‌లో అందరూ దాన్ని దువ్వెన అంటారు. వారం నుంచి అందులో ఏదో అడ్డుపడింది. కోడలు దాన్ని ఇంటికి తెచ్చి భూతద్దంతో చూసి, బల్ల మీదే మర్చిపోయింది.

దారిలో గుర్తొచ్చి భర్తకి ఫోన్ చేసింది. "నా దువ్వెన బల్ల మీద ఉండిపోయిందండీ. వెంటనే తెచ్చిపెట్టండి, పదింటికి వాళ్ళొచ్చేస్తారు."

బల్ల మీద తల దువ్వుకునే దువ్వెనేదీ లేదు, అద్దం దగ్గర ఉంది. పెద్దవాళ్ళ ముందు చెదిరిన జుట్టుతో నిలబడలేక అడిగిందనుకుని భర్త దాన్ని జేబులో పెట్టుకోబోతుంటే అత్తగారి కంటపడింది.

"పళ్ళ నిండా మట్టి. నీ పెళ్ళాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తావురా?" అంటూ లాక్కుని వేడి సబ్బునీళ్ళలో పడేశారు. పనిలో పనిగా, బల్ల మీద మరకలతో ఉన్న గాజు బిళ్ళని కూడా. ఆవిడ లెక్కలో అది ఏ సీసాదో మూత.

తొమ్మిదింబావుకి భర్త తళతళలాడే దువ్వెనతో ల్యాబ్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఇదేమిటండీ?"

"నువ్వడిగిందే. అమ్మ కడిగింది కూడా."

సంగతి విడమరిచి చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. అతను ఇంటికి ఫోన్ చేస్తే, ఆ బిళ్ళ ఇంకా నానుతోందని, మరక మొండిదని, రెండోసారి నీళ్ళు కాచానని అత్తగారు నింపాదిగా చెప్పారు. కోడలు గోడ వైపు చూసింది. చిప్‌కి వడకట్టిన నీళ్ళు తప్ప ఏదీ తగలకూడదని గోడ మీద అంటించిన కాగితం ఆమె చేతిరాతే.

కొడుకు తెమ్మంటే, పదీ అయిదుకి అత్తగారు తనే చిప్‌ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చారు. తనిఖీ వాళ్ళు అప్పటికే వరసగా నిలబడ్డారు. కోడలు దాన్ని వడకట్టిన నీళ్ళతో మూడుసార్లు కడిగి, దేవుడి మీద భారం వేసి పంపు నొక్కింది. వారం నుంచి కదలని ద్రావణం జర్రున జారిపోయింది. కాసేపటికి తెర మీద ముక్కలన్నీ ఒకే కొలతలో కనిపించాయి.

అడ్డు ఎలా తీశారని బృందంలో పెద్దాయన అడిగారు. కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు.

"నానబెట్టాలి బాబూ. తొందరపడి గీకకూడదు."

ఆయన రాసుకున్నారు.

ప్రాజెక్టుకి మరో రెండేళ్ళ గడువు దొరికింది. పక్క ల్యాబ్‌ల వాళ్ళు కూడా ఇప్పుడు మూసుకుపోయిన చిప్‌లని అత్తగారికే పంపుతున్నారు. మరీ జిడ్డుగా ఉన్నవాటిని మాత్రం, ముందు ఒకసారి కడిగి తెమ్మని ఆవిడ తిప్పి పంపేస్తున్నారు.