వెనక్కి పేలిన మోటారు

ఆ ఉదయం సోమనర్సయ్య పథకంలో ఎక్కడా లోపం లేదు. తిరగబడ్డ రైతుల సంఘానికి జడిసి దొర పట్నం పారిపోయి పది రోజులైంది. జనగామలో ఆయన మోటారు ఇప్పుడు డ్రైవరు సోమనర్సయ్య చేతిలో ఉంది. దంతాలపల్లి పక్క పల్లెలో, తల్లిగారింట అలిగి కూర్చున్న భార్య మైసమ్మ, "ఒక్కనాడన్న నన్ను మోటరెక్కిచ్చినవా? మోటరు దెస్తెనే వస్త, లేకుంటె రాను" అని కబురు పెట్టింది. ఊరంతా చూస్తుండగా ఆమెను ఎక్కించుకుని, పొద్దుగూకేలోగా తిరిగి రావాలి. అంతే.

పెట్రోలు చాలక సగం కిరసనాయిలు పోశాడు. కథ అక్కడే అడ్డం తిరిగింది.

ఊరి పొలిమేరలో మోటారు దగ్గింది, తుమ్మింది, ఆపైన "ఢాం!" అంది. ఆ ఊరి కోటలాంటి గడీలో అక్కడి దొర వదిలిపోయిన పదిమంది తుపాకుల మనుషులున్నారు. వాళ్లే కాల్చారనుకుని, మంచె మీది సంఘం కావలివాడు నగారా మోగించాడు. ఇంకో రెండు ఢాంలు. నిమిషంలో ఊరు ఊరంతా వడిసెలలూ రోకళ్లూ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. ముందు వరుసలో, పిడికెడు కారంతో మైసమ్మ!

సోమనర్సయ్య సీటు కిందికి దూరి, చేతులు మాత్రం పైకెత్తాడు. "కొట్టకుండ్రి! నేను ఈ ఊరి అల్లుణ్ణి!"

"ఆగుండ్రి," అంది మైసమ్మ పిడికిలి దించకుండానే. "గా ఒణుకుడు మా ఆయినదే."

మామ కొమురయ్య మోటారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "తుపాకేది అల్లుడా?"

"తుపాకి లేదు మామా. గిది బ్యాక్‌ఫైర్. ఇంజన్ల కాలాల్సిన నూనె కాలక, పొగగొట్టంలకొచ్చి పేలుతది. ముందుకు తోలేది పోయి ఎనకకు తంతది."

"పెండ్లాన్ని తీస్కపోను నువ్వేసిన ఉపాయం లెక్కనా?"

ఊరు గొల్లుమంది. అంతలో గడీ వైపు నుంచి ఒకడు ఆయాసపడుతూ వచ్చాడు. "అన్నా, గడీల ఒక్కడు లేడు! గీ పేలుళ్లిని, సంఘం దళం పెద్దది దిగిందని గోడ దుంకి మానుకోట దిక్కు ఉరికిన్రు!"

నవ్వులు ఆగిపోయాయి. కొమురయ్య బానెట్ మీద ప్రేమగా చెయ్యేశాడు. "అల్లుడా, గీ మోటరు ఈన్నే ఉండాలె. పొద్దుగాలొకసారి, మాపొకసారి పేల్చాలె. మళ్ల ఎవడు రాడు."

"మామా! నేను మైసమ్మను తీస్కపోను వచ్చిన!"

మైసమ్మ అప్పటికే ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. కారం అంటని చేత్తో మొగుడి మొహం మీది మసి తుడిచింది. "మోటరు దెస్తివి, ఎక్కితి. ఇగ యాడికి పోవుడు?"

భార్యను తీసుకురావడానికి వెళ్లిన సోమనర్సయ్య ఆ ఊరికి ఫిరంగిగా, కొమురయ్యకు ఇల్లరికపుటల్లుడిగా స్థిరపడ్డాడు. కిరసనాయిలు మాత్రం ఊరు పోసింది.