కునుకు వేరు, నిద్ర వేరు

మనిషి పని చేయడం వల్ల అలసిపోతాడన్నది పాతకాలపు అపోహ. విశ్రాంతిని ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు తీసుకోవడం వల్లే అలసిపోతాడని, ఫ్యాన్ల మీదా మిక్సీల మీదా వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాసే ఒక ఆఫీసు కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోకుండా విశ్రాంతి విభాగం పెట్టింది. దానికి అధికారిగా, అంతవరకూ ఆలస్యంగా వచ్చినవాళ్ళను గుమ్మం దగ్గర పట్టుకునే హాజరు అధికారినే వేసింది. (మనుషుల్ని నిలబెట్టడం తెలిసినవాడికి పడుకోబెట్టడం ఒక లెక్కా అని యాజమాన్యం ధీమా.)

నియమాలు తేలికే. మధ్యాహ్నం గంట మోగగానే అందరూ కుర్చీల్లో వెనక్కి వాలాలి. కళ్ళు మూయాలి. కునుకు తీయాలి. నిద్ర మాత్రం పోకూడదు. రెంటికీ తేడా ఏమిటని ఎవరో అడిగితే, "కునుకు ఆఫీసుది, నిద్ర మీది" అని అధికారి సెలవిచ్చారు. విశ్రాంతి సరిగా తీసుకోనివాళ్ళు సాయంత్రం అందరూ వెళ్ళాక ఆగి, మిగిలిన విశ్రాంతి పూర్తి చేసుకుని వెళ్ళాలి.

ఈ చివరి నియమం వినగానే కొత్త పెళ్లికూతురు గడియారం వంక చూసింది. పెళ్లి సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు నుంచీ ఆఫీసులో ఆమెను అందరూ అలాగే పిలుస్తున్నారు, ఆమె కూడా మురిసిపోతూ పలుకుతోంది. ఆమెకు సాయంత్రం బస్సు ప్రాణం. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే భర్త అంతకుముందు స్టాపులోనే ఎక్కి, కిటికీ పక్క సీట్లో ఆమె కోసం చేతిరుమాలు పరిచి, ఎవరేమన్నా కదలకుండా కాపలా కాస్తాడు. ఇంట్లో ఉన్నది ఒక హాలు, ఒక గది, మధ్య అట్టముక్క లాంటి గోడ. హాల్లో అత్తగారు, అత్తగారి ఎదురుగా టీవీ. అత్తగారు వింటుండగా మొగుణ్ణి "మీరు" అనాలి. బస్సులో "నువ్వు" అనొచ్చు. ఆ బస్సు ఆ ఒక్క "నువ్వు" కోసమే డీజిలు పోసుకుని తిరుగుతోందని ఆమె నమ్మకం.

మొదటి రోజు గంట మోగింది. ఆమె వాలింది, కళ్ళు మూసుకుంది. మూసుకోగానే, నిన్న బస్సులో భర్త నోటు అనుకుని కండక్టరు చేతిలో కంటి పరీక్ష చీటీ పెట్టి, చిల్లర కోసం చెయ్యి చాచడం కళ్ళ ముందుకొచ్చింది.

"ఏమ్మా, ఎందుకా నవ్వు?" అధికారి గొంతు.

"ఏం లేదు సార్. ఊరికే."

"ఊరికే ఎలా నవ్వుతావు? నవ్వుతున్నావంటే ఏదో ఆలోచిస్తున్నావు. ఆలోచిస్తున్నావంటే పని చేస్తున్నావు. విశ్రాంతి వేళ పని చేయడానికి ఎవరి అనుమతి తీసుకున్నావు?"

పక్క సీటు అక్క మూసిన కళ్ళు మూసినట్టే ఉంచి, "కొత్త కదా సార్. కొన్నాళ్ళు పోతే ఆ నవ్వు దానంతటదే పోతుంది లెండి" అని సిఫారసు చేసింది. ఫలించలేదు.

ఆ సాయంత్రం ఖాళీ ఆఫీసులో, ఊడ్చే చీపురు చప్పుడు మధ్య, ఆమె పళ్ళు బిగించి విశ్రాంతి తీసుకుంది. కిటికీలోంచి బస్సు వెళ్ళిపోవడం కనిపించింది. ఇంటికెళ్ళాక వంటింట్లో భర్త గొణిగాడు: "రుమాలు వేశాక మనిషి రాకపోతే ఎంత అవమానమో తెలుసా? బస్సంతా నన్నే జాలిగా చూసింది. ఒకావిడైతే 'ఇంక రాదులే బాబూ, నన్ను కూర్చోనీ' అంది."

"మీరు కూర్చోనివ్వాల్సింది," అంది ఆమె. హాలు దగ్గర్లోనే ఉంది మరి. ఆ "మీరు" గొంతులో చేపముల్లులా దిగింది.

మర్నాడు ఏమీ ఆలోచించకూడదని ఒట్టు పెట్టుకుంది. ఒట్టు గట్టిది కావడంతో హాయిగా నిద్ర పట్టేసింది. అధికారి బల్ల మీద కొట్టారు.

"నిద్రపోయావా?"

"అవును సార్," అంది కొత్త పెళ్లికూతురు, కళ్ళు నులుముకుంటూ. "చాలా బాగా పట్టింది."

నిద్రపోయినవాడెవడూ నిద్రపోయానని ఒప్పుకున్నట్టు ఆ గోడలకు తెలియదు. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద గుమాస్తా తల పట్టుకున్నాడు. "ఒప్పేసుకోవడమే! ఏం చదువు చెప్పించారమ్మా నీకు?"

నిద్రపోయిన తప్పుకు, సాయంత్రం ఆగి మెలకువగా విశ్రాంతి తీసుకోమన్నారు. బస్సు మళ్ళీ పోయింది.

ఇంటికొచ్చేసరికి హాల్లో అత్తగారు గడ్డం గుండెల మీదకు వాల్చి, జార్లో రాయి పడ్డ మిక్సీలా గురక పెడుతున్నారు. (పోలిక వృత్తిరీత్యా వచ్చినది, దురుద్దేశం లేదు.) పాపమని కోడలు టీవీ కట్టేసింది.

"ఎందుకు కట్టేశావు? చూస్తున్నా!"

"నిద్రపోతున్నారు కదా అత్తయ్యా."

"నేనా? కళ్ళు మూసుకున్నానంతే. అన్నీ వింటూనే ఉన్నా."

కొత్త పెళ్లికూతురు చేతిలో రిమోటుతో అలాగే నిలబడిపోయింది. ఆఫీసు అంతగా వెతుకుతున్న కునుకు తన ఇంటి హాల్లోనే ఉంది.

"నాక్కూడా నేర్పండి అత్తయ్యా!"

"ఇందులో నేర్పేదేముందే? ముందు ఒప్పుకోకూడదు. ఎవరు లేపినా మనమే ముందు కోప్పడాలి. మీ మావయ్య బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్కసారి కూడా నిద్రలో పట్టుకోలేకపోయారు పాపం."

మూడో రోజు గంట మోగగానే ఆమె నిశ్చింతగా నిద్రపోయింది. అధికారి వచ్చి వంగి చూశారు.

"నిద్రేగా?"

"ఎందుకు కట్టేశారు? చూస్తున్నా!"

అధికారి అడుగు వెనక్కి వేసి, తన చెయ్యి ఏ స్విచ్చు మీదైనా పడిందేమోనని గోడ చూసుకున్నారు. "ఏం... ఏం కట్టేశానమ్మా?"

"అన్నీ వింటూనే ఉన్నా. మీరు కానివ్వండి."

అధికారి ఉద్యోగంలో చేరాక మొదటిసారి క్షమాపణ చెప్పి, మునివేళ్ళ మీద వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం కిటికీ పక్కన రుమాలు మీద కూర్చుని, "నువ్వు, నువ్వు, నువ్వు" అని ఆమె ఎన్నిసార్లు అందంటే, ముందు సీటాయన తననే ఎవరో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

కథ ఇక్కడ ఆగి ఉంటే లోకం బాగుండేది. కానీ మర్నాడు అధికారి ఆమెను పిలిపించి, "ఇంత ఉన్నతమైన కునుకు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు.

"మా అత్తయ్య దగ్గర సార్!"

"మళ్ళీ ఒప్పేసుకుంది," అన్నాడు బాబాయ్, ఇంక తల పట్టుకునే ఓపిక లేక.

వారం తిరక్కుండా అత్తగారు విశ్రాంతి సలహాదారుగా నియమితులయ్యారు. ఆఫీసు మధ్యలో మెత్తటి కుర్చీ, ఎదురుగా ఒక టీవీ. ఆవిడ గురక పెడుతుంటే ఉద్యోగులు చుట్టూ నిలబడి శ్రద్ధగా గమనిస్తారు. ఆఫీసు పనితీరు కూడా ఊహించనంత పెరిగింది. ఫిర్యాదులకు జవాబులు ఇప్పుడు చకచకా వెళ్తున్నాయి: "మీ ఫ్యాను ఆగిపోలేదు. కళ్ళు మూసుకుందంతే. అసలు మీరెందుకు కట్టేశారు?"

సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ ఒకే బస్సు ఎక్కుతారు. మొదటి రోజు కిటికీ పక్కన పరిచిన రుమాలు చూసి అత్తగారు కొడుకు తల నిమిరి, "అమ్మంటే ఎంత ప్రేమ రా నీకు!" అని ఆ సీట్లో కూర్చున్నారు. అతను లేచి భార్య పక్కన నిలబడ్డాడు. బస్సు కదిలింది. మలుపు తిరిగేలోగా అత్తగారి గడ్డం గుండెల మీదకు వాలింది, గురక అందుకుంది.

కొత్త పెళ్లికూతురు చాలాసేపు ఆగింది. గురక బాగా ముదిరాక, కడ్డీ పట్టుకుని అతని చెవి దగ్గరకు వంగి, వీలైనంత మెల్లగా అంది.

"నువ్వు రేపు ఇంకో బస్సుకి రా, నేనూ అందులోనే వస్తా."

"'నువ్వు' కాదమ్మా, 'మీరు'," అన్నారు అత్తగారు, కళ్ళు తెరవకుండానే. గురక ఎక్కడ ఆగిందో మళ్ళీ అక్కడి నుంచే మొదలైంది.