నాంపల్లిలో తొలి ప్రీపెయిడ్ మీటరు

"ఇకపై పేదవాడి ఇంటికి కరెంటు బిల్లు అనేదే రాదు" అని మంత్రిగారు ప్రకటించారు. అక్షరాలా నిజం. ప్రీపెయిడ్ మీటరుకు బిల్లు రాదు. డబ్బు ముందే పోతుంది.

ఇంతటి సంస్కరణకు నాంపల్లిలో మా సందునే, అందులోనూ మా పక్కింటి ఆగ్నెస్‌నే ఎంచుకోవడం వారి పెద్ద మనసు. ఆగ్నెస్ ఇడ్లీపిండి రుబ్బి స్టేషన్ దగ్గరి టిఫిన్ బండ్లకు పోస్తుంది. నా భార్య పోయినప్పటి నుంచి ఒక గిన్నెడు పిండి మా ఇంటికీ వస్తోంది. మీటరు ప్రారంభోత్సవం రోజు రెండు బకెట్ల పప్పు నానబోసి, వంద రూపాయలు రీచార్జి చేయించి, సభ ముగిశాక గ్రైండరు వేద్దామని కూర్చుంది.

షామియానా వాళ్లు ఆనవాయితీ ప్రకారం దగ్గరి ఇంటి నుంచి వైరు లాగారు. దగ్గరి ఇల్లు ఆగ్నెస్‌దే. నాలుగు కూలర్లు, మైకుసెట్టు, పట్టపగలు పదహారు ఫోకస్ లైట్లు.

"అన్నా, మీటర్ల పైసలెట్ల దిగుతున్నయో జర చూడు" అంది ఆగ్నెస్.

చూశాను. మంత్రిగారు "తల్లులారా" అనేసరికి అరవై. పార్టీ పెద్దలను పేరుపేరునా తలచుకునేసరికి పదకొండు. పొదుపు గురించి ఎత్తుకున్నారో లేదో, మైకు ఆగిపోయింది.

ఇంజినీరు కరుణాకర్ లేచి చప్పట్లు కొట్టాడు. "చూసిన్రా సార్! బ్యాలెన్స్ అయిపోంగనే కట్! మనిషి చెయ్యి పడనే లేదు!"

మంత్రిగారు పరవశించి మీటరుకు శాలువా కప్పి కారెక్కారు.

"సార్, నానిన పప్పు పాడైతది. పొద్దుగాల బండ్లోళ్లకు ఏం పొయ్యాలె?" అని ఆగ్నెస్ ఇంజినీరును పట్టుకుంది.

"రీచార్జ్ చేస్కోమ్మా."

"ఉన్న వంద మీ లైట్లే తాగినయ్ గద!"

నేను జేబులోంచి వంద తీశాను.

"సర్వర్ డౌనుంది సార్. రేపు పదింటికి రాండ్రి."

మా ఇంట్లో రుబ్బుకోమందామంటే, పొద్దున మార్చిన మా మీటరు ఇంకా ఆ సర్వరులోకే ఎక్కలేదు; ఎక్కేదాకా మాకూ కరెంటు లేదు.

కరుణాకర్ మంచివాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మంత్రిగారి బంగళా గేటుకాడ వాచ్‌మన్ రూముంది. గాడ రుబ్బుకో. గాడ కరెంటు పోదు."

"గాడ ప్రీపెయిడ్ పెట్టలేదా సార్?"

"ఎట్ల పెడ్తమమ్మా? పాత బాకీ కట్టినోళ్లకే ప్రీపెయిడ్. రూల్ గట్లుంది."

గ్రైండరునూ బకెట్లనూ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాం. వాచ్‌మన్ మర్యాదస్తుడు. మాకు కూర్చోవడానికి బెంచీ చూపించాడు. అప్పటికే దాని మీద రెండు మిక్సీలు, ఒక ఇస్త్రీపెట్టె, వాటిని ఒళ్లో పెట్టుకున్న మనుషులు ఉన్నారు.

"ఏ ఏరియా?" అని అడిగాడు.

"నాంపల్లి."

"జర ఆగున్రి. అఫ్జల్‌గంజోళ్లయి ఇంక కాలే."