తొమ్మిదో మంచానికి పాలు నిషేధం

ఆ ఉదయం ఆసుపత్రి కొత్త డైటీషియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదో మంచం తాతగారికి పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగదని తేలింది కాబట్టి, ఆయన పళ్ళెంలోకి పాలు రాకుండా చూడాలి. పది రోజుల్లో ఆయన కిలో బరువు పెరిగితేనే ఆపరేషన్. ఆ డైటీషియన్ పిల్లకి ఇదే మొదటి కేసు. బంగారు పతకం అందుకున్న చెయ్యి ఊరుకుంటుందా? "తొమ్మిదో మంచానికి పాలు, పెరుగు, వెన్న, పాలు తగిలిన సమస్తం నిషేధం" అని ఎర్రసిరాతో రాసి వంటగది తలుపుకి అంటించింది.

వంటమాస్టారు భయస్థుడు. "ఏ గరిటె ఎందులో మునిగిందో నాకేం తెలుసమ్మా? ఎందుకొచ్చిన గొడవ!" అని వార్డు మొత్తానికీ పాలు ఆపేశాడు. మధ్యాహ్నానికల్లా ఇరవైమంది రోగులు కాఫీ లేక కస్సుబుస్సులాడుతున్నారు. కారణం తొమ్మిదో మంచమని తెలిసి ఆయన్ని గుడ్లురిమి చూశారు. తాతగారు హడలిపోయి మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగడం మొదలుపెట్టారు. మూడో రోజు తూకంలో అరకిలో తగ్గారు.

"ఇలాగైతే ఆపరేషన్ వాయిదానే," అన్నాడు సర్జన్.

అప్పుడు వచ్చింది పెద్దమేడం, డైటీషియన్ల విభాగానికి పెద్ద దిక్కు, ఇంటినుంచి తెచ్చుకున్న కాఫీ ఫ్లాస్కుతో. తాతగారి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎన్ని పాలు తాగితే ఇబ్బందైంది బాబాయ్‌గారూ?"

"పొద్దున్నే, పరగడుపున, చెంబెడమ్మా. గటగటా తాగేశా."

"మరి పెరుగు?"

"పెరుగు నన్నేం చేసిందమ్మా? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తింటున్నా. ఇక్కడే ఎవరూ పెట్టట్లేదు!"

పెద్దమేడం పిల్లవైపు తిరిగింది. "ఇది అలర్జీ కాదు తల్లీ, చుక్క తగిలితే భయపడ్డానికి. వీళ్ళకి కొలతే మందు. పెరుగు పెట్టు, తోడుకుంటే ఆ చక్కెర తగ్గుతుంది. భోజనం మధ్యలో అరగ్లాసు పాలిచ్చి చూడు. పడితే ఉంచు, పడకపోతే తగ్గించు."

ఇన్నేళ్ళ చదువులో తనకి తట్టనిది రెండే రెండు ప్రశ్నలతో తేలిపోయింది. సిగ్గు సగం, భక్తి సగంగా నిలబడిపోయింది పిల్ల.

పదో రోజు తూకం ముల్లు మొదటి బరువు మీద కిలో దాటి ఆగింది. సర్జన్ సంతకం పెట్టాడు. "ఇంత కచ్చితంగా ఎలా తెలుసు మేడం? ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగింది పిల్ల.

"పుస్తకమెందుకే? నాకూ పాలు పడవు," అంటూ పెద్దమేడం ఫ్లాస్కు మూతలో కాఫీ వంచుకుంది. నిండా పాలు పోసిన కాఫీ. కాకపోతే సరిగ్గా సగం మూత.

ఎర్రసిరా కాగితం కూడా వృథా పోలేదు. వంటమాస్టారు దాన్ని పెరుగు గిన్నె మీద మూతగా వేస్తున్నాడు.