నడకలో ఫస్టొచ్చిన వార్డు

"నడిచే వార్డే ఎదిగే వార్డు" అని కౌన్సిలర్ గారు బస్టాపులో నిలబడి ప్రకటించారు. సభకు బస్టాపునే ఎంచుకోవడం ఆయన ముందుచూపుకి నిదర్శనం. ఎనిమిది నెలలుగా అక్కడికి బస్సు రావడం లేదు కాబట్టి ఉపన్యాసానికి అడ్డొచ్చేది ఏదీ ఉండదు. ఆయన ఇంటి నుంచి బస్టాపుకి మూడు వందల గజాలు. అంత దూరమూ కారులో వచ్చి, దిగి, మొహం తుడుచుకుని, మైకు అందుకున్నారు.

"దేవుడు మనిషికి రెండు కాళ్లిచ్చి ఊరుకున్నాడు. నేను యాప్ కూడా ఇస్తున్నాను" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

ఊళ్లో ఉన్న ఇరవై వార్డుల మధ్య నడక పోటీ పెట్టారట. ఎవరి ఫోనులో ఉన్న యాప్ వాళ్ల అడుగులు లెక్కపెడుతుంది. మూడు నెలల తర్వాత అందరికంటే ఎక్కువ నడిచిన వార్డు ఏం కోరుకుంటే అది ఇస్తారు.

జనంలో చివరన, చంకన బట్టల మూటతో టైలరక్క నిలబడి ఉంది. ఆమె ఆగింది ఉపన్యాసం కోసం కాదు, మూట ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకోవడం కోసం. స్కూలు యూనిఫాములు కుట్టి బజారులో కొట్టుకి ఇచ్చి రావడం ఆమె పని. బజారు నాలుగు కిలోమీటర్లు. పద్నాలుగో నంబరు బస్సు తిరిగిన రోజుల్లో అది పావుగంట ప్రయాణం. సాంకేతిక కారణాల వల్ల బస్సు ఆపేశాక, వారానికి నాలుగు రోజులు మూటతో నడిచి వెళ్లి నడిచి వస్తోంది. ఆటో ఎక్కితే కుట్టుకూలి ఆటోవాడికే సరి. పైగా కొట్టు షావుకారు ఈ మధ్య కొత్త పాట ఎత్తుకున్నాడు. "స్కూళ్లవాళ్లు ఊరుకోరమ్మా. పదింటిలోగా సరుకు రాకపోతే నేను ఇంకొకళ్లని చూసుకోవాలి."

అందుకే "ఏం కోరుకుంటే అది" అన్న మాట దగ్గర ఆమె మూట కింద పెట్టింది.

"బస్సు కోరుకోవచ్చా సార్?" అని అడిగింది.

కౌన్సిలర్ గారు కరిగిపోయారు. "ఎంత మాటన్నావమ్మా. మీరు నడవండి. బస్సు నేను తెప్పిస్తాను."

ఈ మాటలోని తిరకాసు ఆ పూట ఎవరికీ తట్టలేదు. లోకల్ పేపరు విలేకరికి కూడా తట్టలేదు. మర్నాడు మొదటి పేజీలో "నడిస్తే బస్సు: కౌన్సిలర్ సంచలన హామీ" అని పెద్దక్షరాలతో వేశాడు.

కౌన్సిలర్ గారి పీయే ఇంటింటికీ తిరిగి అందరి ఫోను నంబర్లూ రాసుకున్నాడు. టైలరక్కది బటన్ల ఫోను. ఇరవై ఏళ్లు సూది పట్టీ పట్టీ ఆమె వేళ్ల కొసలు కాయలు కాశాయి. టచ్ ఫోను మీద ఆమె ఎంత నొక్కినా అది పలకదు. ఆ సంగతే చెబితే పీయే నవ్వేశాడు.

"నంబరుంటే చాలక్కా. మిగతాదంతా యాప్ చూసుకుంటుంది."

మొదటి వారం ఫలితాలొచ్చాయి. మన వార్డుది ఇరవయ్యో స్థానం. ఇందులో టైలరక్క భర్త పాత్ర చెప్పుకోదగ్గది. ఆయన ఒక ఆఫీసులో లిఫ్టు ఆపరేటరు. రోజంతా తొమ్మిది అంతస్తులు ఎక్కి దిగే మనిషి, తీరా యాప్‌లో చూస్తే రెండు వందల పన్నెండు అడుగులు.

"వాడంతే. పద్దెనిమిదో నెల వచ్చేదాకా నడక మొదలుపెట్టనేలేదు" అంది అత్తగారు, కొడుకుని వెనకేసుకొస్తున్నట్టు.

పరువు పోతోందని వీధిలో తలా ఒక ప్రయోగం చేశారు. ఎదురింటాయన ఫోనుని సీలింగ్ ఫ్యానుకి కట్టాడు. అది నాలుగు చుట్లు తిరిగి కిటికీ అద్దం పగలగొట్టుకుని వీధిలో పడింది. రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తన ఫోనుని కుక్క మెడకి కట్టారు. ఆ కుక్క ఆయన దగ్గర పెరిగిన కుక్క, రోజంతా పడుకునే ఉంది.

దారి చూపించింది టైలరక్క, అదీ అనుకోకుండా. ఆదివారం పూట భర్త ప్యాంటు అంచు ఊడిపోతే కుడుతోంది. ప్యాంటు పైభాగం జారి కింద కుట్టుమిషను పెడల్ మీద పడింది. జేబులో ఫోనున్న సంగతి ఆమెకి తెలియదు. ప్యాంటు అయ్యాక పక్కన పడేయకుండా, దాని మీదే కాలు పెట్టి ఆరు స్కర్టులు కూడా కుట్టేసింది. సాయంత్రం ఫోను తీసి చూస్తే పదకొండు వేల అడుగులు. "శభాష్, మీరు ఈ రోజు ఏడున్నర కిలోమీటర్లు నడిచారు" అని యాప్ మెచ్చుకుంది. భర్త అప్పటిదాకా మంచం మీదే ఉన్నాడు. ఆ మెప్పు చదువుకుని నిజంగానే అలిసిపోయినట్టు మళ్లీ పడుకున్నాడు.

మర్నాటి నుంచి వీధి వీధంతా ఫోన్లు పట్టుకుని ఆమె ఇంటి ముందు వరస కట్టింది. స్కర్టు నడుముకి వేసే ఎలాస్టిక్‌తో ఒక్కో ఫోనూ పెడల్‌కి బిగించింది. పైన రెండు వరసలు, అంచుకి వేలాడుతూ ఒక వరస, మొత్తం ముప్ఫై ఆరు.

"అమ్మా, ఇది మోసం కాదంటావా?" అన్నారు హెడ్మాస్టరు గారు, ఫోను అందిస్తూ.

"అయితే మీది తీసుకుపోండి మాస్టారూ."

"నేను ప్రశ్న మాత్రమే వేశాను" అని ఆయన ఫోను అక్కడే పెట్టి వెళ్లారు.

పగలంతా ఫోన్లు లేక ఇళ్లల్లో మొదటిరోజు అందరూ విలవిల్లాడారు. రెండోరోజు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. మూడోరోజు పోట్లాడుకున్నారు. అయినా బస్సు కోసం ఓర్చుకున్నారు. ఈ విద్య పది రోజుల్లో వార్డంతా పాకింది. కుట్టుమిషను లేనివాళ్లు ఉయ్యాలలో పిల్లని తీసి ఫోను పడుకోబెట్టారు.

ఒకరోజు పీయే వచ్చాడు. అటూ ఇటూ చూసి, జేబులోంచి రుమాల్లో చుట్టిన ఫోను తీశాడు.

"సార్ ఫోనక్కా. బయటికి పొక్కకూడదు. మధ్యలో కట్టండి, అక్కడైతే ఊపెక్కువ."

అప్పటి నుంచి కౌన్సిలర్ గారు రోజుకి నలభై వేల అడుగులు తక్కువ కాకుండా నడిచారు. విలేకరి ఇంటికెళ్లి ఇంటర్వ్యూ తీసుకున్నాడు. "ఇంత పని ఒత్తిడిలో నడకకి సమయం ఎలా దొరుకుతోంది సార్?" అని అడిగితే, ఆయన సోఫాలో వెనక్కి వాలి, "జనం కోసం నడిచేవాడికి టైమేమిటయ్యా" అన్నారు. ఆ మాటని పేపరువాళ్లు రంగుల పెట్టెలో వేశారు. నలభై వేలంటే ఇరవై ఎనిమిది కిలోమీటర్లని హెడ్మాస్టరు గారు లెక్క కట్టి, ఆ లెక్కని ఎవరికీ చూపించకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. టైలరక్క మూటతో బజారుకి వెళ్లిన రోజు మిషను ఆగిపోతుంది. పీయే పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటక్కా ఇది? మీరు నడిచి వెళ్లిన రోజల్లా వార్డు నడక పడిపోతోంది. కాస్త నడక మానుకోలేరా?"

"సరుకు ఎవరిస్తారు బాబూ?"

"బస్సు కోసం ఈ మాత్రం త్యాగం చెయ్యకపోతే ఎలా?"

అదీ నిజమే అనుకుంది ఆమె. తెల్లవారుతుండగానే నడిచి వెళ్లి కొట్టు తలుపు తీసేదాకా గుమ్మంలో కూర్చుని, మూట ఇచ్చి, నడిచొచ్చి, మళ్లీ మిషనెక్కి వార్డంతటినీ నడిపించేది. పొద్దుగూకేసరికి మోకాళ్లు పట్టేసేవి. అత్తగారు నూనె రాస్తూ, "ఊరందరి నడకా నీ కాళ్లకే వచ్చిందే" అనేది. బస్సు వస్తే ఇదంతా మర్చిపోతాను అనుకునేది టైలరక్క. వస్తుందని గట్టిగా నమ్మింది. పద్నాలుగో నంబరులో కిటికీ పక్కన సీటు, ఒళ్లో మూట, అలా కలలు కూడా కంది.

మూడు నెలలూ అయ్యాయి. మన వార్డు ఫస్టు వచ్చింది. మనిషికి సగటున రోజుకి నలభై ఒక్క వేల అడుగులు. పక్క వార్డు ఆఖర్న వచ్చింది. వాళ్లు పాపం నిజంగానే నడిచారు.

బస్టాపులో సన్మానసభ. టైలరక్క ముందు వరసలో కూర్చుంది. రవాణా శాఖ నుంచి పెద్ద అధికారి వచ్చారు.

"నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ప్రజల్ని చూడలేదు" అన్నారాయన గద్గదంగా. "బస్సు కావాలని మీరు కోరినట్టు కౌన్సిలర్ గారు చెప్పారు. మీ వినయం అలాంటిది. కానీ రోజుకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు నడిచే మనుషులకి బస్సు ఇవ్వడమంటే మిమ్మల్ని అవమానించడమే. ఆ పాపం మేం కట్టుకోలేం. అందుకని పద్నాలుగో నంబరు బస్సుని, మానవతా దృక్పథంతో, నడవలేక ఆఖర్న వచ్చిన పక్క వార్డుకి వేస్తున్నాం."

కౌన్సిలర్ గారు లేచి, ఇక బస్టాపుతో పనిలేదు కాబట్టి దాన్ని తీసేసి, నడకకి గుర్తుగా రెండు నిలువుల ఎత్తు సిమెంటు పాదం కట్టిస్తున్నట్టు ప్రకటించారు.

హెడ్మాస్టరు గారు లేచి నోరు తెరిచారు. అధికారి ఆయన వైపు ఆసక్తిగా చూశారు. హెడ్మాస్టరు గారు ఆవలించి కూర్చున్నారు.

"నిజం చెబితే దొంగలమవుతాం. చెప్పకపోతే నడవాలి" అంది టైలరక్క పక్కనున్న అత్తగారితో. అందరూ చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టింది.

పదిహేను రోజుల్లో పాదం లేచింది. బస్టాపు బెంచీ పోయినా, బొటనవేలు కూర్చోవడానికి వీలుగానే కుదిరింది. వీధిలో ఫోన్లు ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. పెడల్ మీద మిగిలింది ఒక్క కౌన్సిలర్ గారి ఫోనే. నడకలో మేటి కౌన్సిలర్ అని ఊరు మొత్తానికీ ఒక అవార్డు పెట్టారు మరి. ఆఖరిరోజు మధ్యాహ్నం పన్నెండుకి లెక్క ముగుస్తుంది.

ఆ ఆఖరిరోజు పొద్దున తొమ్మిదింటికి, టైలరక్క యూనిఫాముల మూట కట్టి గుమ్మం దాటబోతుండగా కారు వచ్చి ఆగింది. కౌన్సిలర్ గారు, పీయే, ఆరోగ్యశాఖ అధికారిణి, విలేకరి దిగారు.

"వార్డులో నాలుగు వేల రెండు వందల పన్నెండు నంబర్లున్నాయి" అంది అధికారిణి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మూడు నెలల్లో ఒక్క అడుగు కూడా వెయ్యని నంబరు ఒక్కటే. మీదే. సున్నా."

టైలరక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అది బటన్ల ఫోనమ్మా" అంది.

"కారణాలు అందరికీ ఉంటాయి" అని అధికారిణి నడక వల్ల గుండెకి, ఎముకలకి, మనసుకి కలిగే లాభాలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. గోడ మీద గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. కీళ్ల దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది.

"మా కోడలు నడవదా? ఆ కాళ్లు చూడు తల్లీ ఒకసారి" అంది అత్తగారు.

"చూశాం. బాగా వాచి ఉన్నాయి. నడక లేకపోతే ఇలాగే అవుతుంది."

టైలరక్క మూట ఎత్తుకుంది. "సార్, పదింటికి బజార్లో ఉండాలి నేను. మీ కారులో దింపేస్తారా?"

కౌన్సిలర్ గారు బాధగా తల అడ్డంగా ఊపారు. "కారెక్కితే సున్నా సున్నాగానే ఉండిపోతుందమ్మా. నీ మంచికే చెబుతున్నా."

ఆమె మూట నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కింది. విలేకరి ఫొటో తీసుకున్నాడు. కారు ఆమెను దాటి వెళ్లిపోయింది. వెనక, ఇంటి గుమ్మంలో ఉండిపోయిన పీయే గొంతు వినపడింది. "అక్కా, సార్ ఫోను? ఈ రోజు ఇంకా మూడు వందల దగ్గరే ఉంది. పన్నెండుకి లెక్క క్లోజ్."

"మిషను అక్కడే ఉంది బాబూ. తొక్కుకోండి" అంది వెనక్కి తిరక్కుండానే.

కొట్టు చేరేసరికి పదీ నలభై. షావుకారు మూట విప్పుకుని కుట్లు చూసి, బాగున్నాయన్నాడు. మిగతా అరవై జతలూ మాత్రం పక్క వార్డు టైలరుకి ఇచ్చేశానన్నాడు. "ఆవిడకి బస్సుందమ్మా. తొమ్మిదిన్నరకల్లా ఇక్కడుంటుంది. ఏమీ అనుకోకు." టైలరక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమీ అనుకోనని చెప్పి, ఖాళీ గుడ్డ మడుచుకుని బయల్దేరింది.

ఆగి ఆగి నడుస్తూ వార్డులోకి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది, ఎండ మాడిపోతోంది. సిమెంటు పాదం బొటనవేలి మీద పీయే కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రెండు మోకాళ్లూ పట్టుకుని ఉన్నాడు.

"నలభై ఐదు వేలు, అక్కా" అన్నాడు నీరసంగా. "సార్ ఫస్టొచ్చేశారు. ఫోను తీసుకుని కారులో సన్మానానికి వెళ్లారు. నాకు కాళ్లు కదలట్లేదు. ఇంటికెళ్లాలి. ఈ వైపు ఏదైనా బస్సొస్తుందా?"

టైలరక్క ఆ పాదాన్ని కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"మీరు నడవండి బాబూ. బస్సు సార్ తెప్పిస్తారు" అంది.